పీపా కట్టేవారి ఇంటిపేర్లు

జర్మనీలో పీపాలు కట్టేవారి పని ఇంటిపేర్లలో నిలిచిపోయింది. ఫ్రాంకోనియాలో బ్యూట్నర్, బవేరియాలో షెఫ్లర్, రైన్‌లాండ్‌లో ఫాస్‌బెండర్. ఇన్ని పేర్లకూ తగిన పనితనమే అది. ఓక్ దుంగను రంపంతో అడ్డదిడ్డంగా కోయరు, నార వెంట చీలుస్తారు. అప్పుడే పలక ద్రవాన్ని బయటికి ఊరనివ్వదు. ఆ పలకలు ఏళ్లతరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడవాలి. తరువాత ఒక్కోదాన్ని నడుమ వెడల్పుగా, కొసలు సన్నగా, అంచులు ఏటవాలుగా చిత్రిక పడతారు. ఆ వాలు చాలావరకు కంటి అంచనాతోనే కుదరాలి. అసలు నేర్పంతా అక్కడే ఉంది. పలకలను గుండ్రంగా నిలిపి, లోపల మంట పెట్టి, తడుపుతూ వంచి, ఇనుప పట్టీలు దిగ్గొడతారు. ఒంటికి మేకు లేదు, జిగురు లేదు. వైన్ నిండాక చెక్క ఉబ్బి సందులు వాటంతటవే మూసుకుంటాయి. పొట్ట ఉబ్బెత్తుగా ఉండి నేలను తాకేది కొంచెమే కనుక, వందల కిలోల పీపాను ఒక్క మనిషే దొర్లించుకుపోగలడు.