శారద అడగని పేరు

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. మందమర్రిలో సింగరేణి క్వార్టర్‌లో ఉండే గృహిణికి ఈ కథను ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. క్వార్టర్ భర్త ఉద్యోగంతో వస్తుంది, ఆయన రిటైరైతే పోతుంది. అలికేది మాత్రం ఆమె.

అదే కథని హైదరాబాదులో, దుర్గం చెరువు ఒడ్డున ఖరీదైన అపార్ట్‌మెంట్‌లో చదివితే? చెరువు అక్కడ 'లేక్ వ్యూ' అయింది. తడిగుడ్డ మరో స్త్రీ చేతికి మారింది. శారదకి తీరిక దొరికింది, బహుశా పేరూ దొరికింది.

ఆ మరో స్త్రీ కథలోనూ ఉంది. తన పేరేమిటని శారద పనిమనిషిని అడుగుతుంది. అమ్మగార్ల పేర్లతో మాకేం పని అన్నట్టు జవాబిస్తుందామె. ఆమె పేరు మాత్రం శారద అడగదు. ఇన్నేళ్ళుగా ఆ కథని మెచ్చుకుంటున్న మనలో ఎందరం అడిగాం?

2024 ఆగస్టులో దుర్గం చెరువు ఎఫ్.టి.ఎల్. పరిధిలోని ఇళ్ళకు రెవెన్యూ అధికారులు నోటీసులిచ్చారు. నోటీసు యజమానికి. ఆ ఇల్లు పోతే పని పోయే ఆమె ఏ కాగితంలోనూ లేదు. ఇంటిచాకిరీ గురించిన మన విమర్శ శారదకి పేరు దొరకడంతో ఆగిపోతే, అదీ అలాంటి కాగితమే అవుతుంది.