ఉద్దానం కర్రతో చెక్క వైసు

ఉద్దానం పల్లెల్లో పాతతరం వడ్రంగి మేస్త్రి పనికి కూర్చుంటే ముందు ఆయన పాదాలను చూడాలి. పలకను మొద్దుకి ఆనించి, మడమతో అదిమి, బొటనవేలితో ఒడిసిపట్టి బాడిస వేస్తాడు. చెక్క తిప్పాలంటే వేలు సడలిస్తే చాలు. ఏ యంత్రమూ అంత తొందరగా పట్టు వదిలి మళ్లీ పట్టుకోలేదు. నాగళ్లు, బండిచక్రాలు, ద్వారబంధాలు ఆ పట్టుతోనే తయారయ్యాయి. అందుకని మన మేస్త్రికి వైసు లేకపోవడాన్ని నేను వెనకబాటుగా చూడను.

అయితే కాలి పట్టుకీ ఒక హద్దుంది. పడుకోబెట్టిన చెక్కను అదిమినంత బాగా నిలబెట్టిన చెక్కను కాలు అదమలేదు. పలక అంచుకి చిత్రిక పట్టాలన్నా, చట్రానికి కుసి కోయాలన్నా, సొరుగు మూలల్లో పళ్లు తీయాలన్నా చెక్క నిటారుగా, కదలకుండా నిలవాలి. పైగా ఇప్పుడు కరెంటు చిత్రిక వచ్చింది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బ్లేడుకి బొటనవేలు అడ్డం పెట్టి ఎంతటి నేర్పరీ పనిచేయకూడదు. మోకాళ్లు అరిగిన మేస్త్రికి నిలబడి పనిచేసే బల్ల కావాలి. బల్ల వచ్చాక దానికొక దవడ కావాలి. వైసంటే ఆ దవడే.

ఇనుప వైసు కొనుక్కోవచ్చు కదా అంటారు. కొనుక్కోవచ్చు. కానీ ఇనుము పనికి చేసిన వైసు దవడలు ఇరుకుగా, గరుకు పళ్లతో ఉంటాయి. మెత్తటి పనస పలకను పట్టిస్తే ఆ పళ్లు ముద్ర వేసి వదులుతాయి. పైగా బారువ నుంచి భావనపాడు దాకా వీచేది ఉప్పుగాలి. నూనె రాయడం నాలుగు రోజులు మరిచిపోతే మరలో తుప్పు కూర్చుంటుంది. చెక్క మరకి తుప్పు బెడద లేదు. వానాకాలం ఉబ్బడం దాని బెడద. దానికి మందు ముందే వేసుకోవచ్చు, ఆ సంగతి తర్వాత చెబుతాను.

చెక్క వైసు ఐరోపాలో చాలా పాతది. లండన్‌లో పటాలు అచ్చువేసే జోసెఫ్ మాక్సన్ 1678 నుంచి భాగాలు భాగాలుగా వెలువరించిన ‘మెకానిక్ ఎక్సర్‌సైజెస్’లో రెండు మరల వైసు గురించి ఉంది. పారిస్ వడ్రంగి రూబో 1769లో మొదలుపెట్టిన గ్రంథంలో పనిబల్లలను బొమ్మలతో వివరించాడు. అమెరికాలో ఇప్పుడు సరదాకి వడ్రం చేసేవాళ్లు ఆ పాత బొమ్మలు చూసే వైసులు కట్టుకుంటున్నారు. మాక్సన్ వడ్రంగి కాడు. చేతిపనులు చేసేవాళ్ల పద్ధతులను శ్రద్ధగా గమనించి రాసుకున్నాడు. మన మేస్త్రుల పక్కన అలా కూర్చున్న రచయితలు ఎంతమంది?

ఇక కర్ర సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు తోటలకు తోటలే నేలకూలాయి. అలా పడిన చెట్టుని జనం సాధారణంగా వంటచెరుకుగానే చూస్తారు. దానిలో ఏ ముక్క ఎందుకు పనికొస్తుందో చూసే ఓపిక ఉంటే చాలా కలప దక్కుతుంది.

వైసు దవడకి పనసని మించినది ఈ ప్రాంతంలో లేదని నా అభిప్రాయం. చేవ పసుపుగా ఉండి రానురాను గోధుమరంగుకి తిరుగుతుంది. చెద అంత తేలిగ్గా ముట్టదు. ఉలికి లొంగుతుంది, ఆరాక పెద్దగా మెలిక తిరగదు. బొబ్బిలి వీణ తొలిచేదీ ఈ కర్రలోనే. చుట్టూ ఉండే లేతరంగు చెక్కను మాత్రం చెక్కి పారేయాలి, పురుగు పట్టేది అందులోనే. జీడిమామిడి తేలిక, మెత్తన, పైగా పురుగుకి ఇష్టం. కనుక వైసుకి వద్దు. కొబ్బరి విచిత్రమైన కర్ర. ముదురు చెట్టు మొదలు దగ్గర, బెరడుని ఆనుకుని ఉన్న చెక్క రాయిలా ఉంటుంది, నడిమధ్యన పీచులాంటి మెత్తన. మొదలు భాగం బల్లకాళ్లకి భేషుగ్గా సరిపోతుంది, కాకపోతే రంపం పదును తినేస్తుంది. మరకి కావలసింది గట్టితనం, బిర్రుతనం. ఒకప్పుడు బండిచక్రాలకి వాడిన నల్లతుమ్మ, గానుగలకి వాడిన చింత అందుకు తగినవి.

పచ్చి కర్రతో మర కోయకూడదు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది పాత లెక్క. సముద్రపు తేమలో ఇంకాస్త ఎక్కువే పడుతుంది. దుంగ చివళ్లు ముందు ఎండి చీలిపోకుండా పేడో, పాత పెయింటో పూసి నీడన పేర్చాలి. మర కోసే ముక్కలో చెట్టు నడిమి బెండు ఉండకూడదు, పగుళ్లు పుట్టేది అక్కడే. దుంగను నాలుగుగా చీల్చి, ఒక పాయలోంచి కడ్డీ తీసుకోవాలి.

ఇంట్లో కట్టుకోదగ్గ వైసుల్లో నాకు నచ్చింది కాలు వైసు. బల్ల ముందు కాలే లోపలి దవడ. దాని ఎదురుగా దాదాపు నేల దాకా దిగే పనస పలక బయటి దవడ: 80 సెంటీమీటర్లకి కాస్త తక్కువ ఎత్తు, జానెడు వెడల్పు, 7–8 సెంటీమీటర్ల మందం. పైభాగాన మర, నేలకి దగ్గరగా అడ్డుపట్టీ. పట్టీ బయటి దవడకి బిగిసి, బల్లకాలి బెజ్జంలోంచి జారుతూ ఉంటుంది. పట్టీకి వరసగా చిల్లులు. చెక్క ఎంత మందమో చూసుకుని ఒక చిల్లులో సీల దోపాలి. మర తిప్పినప్పుడు దవడ ఆ సీల మీద ఆని పైన బిగుస్తుంది. పైన వదులుగా, కింద గట్టిగా పడుతోందని చాలామంది వైసుని తిడతారు. తప్పు వైసుది కాదు, సీల పక్క చిల్లులోకి మారాలి.

మరని ఎక్కడ పెట్టాలన్నది లెక్క. బల్ల ఎత్తు 80 సెంటీమీటర్లు, సీల నేలకి 10 సెంటీమీటర్ల పైన, మర 60 దగ్గర ఉందనుకుందాం. మర వంద కిలోల బలంతో నొక్కితే పైన చెక్క మీద పడేది సుమారు 71 కిలోలు. అదే మరని 40 దగ్గరికి దించితే 43 కిలోలే. పైకి జరిపినకొద్దీ పట్టు పెరుగుతుంది, చెక్క దిగే లోతు తగ్గిపోతుంది. తలుపులు చేసేవాళ్లకి లోతు కావాలి, పీటలు, సొరుగులు చేసేవాళ్లకి పట్టు కావాలి. దవడ లోపలి ముఖాన్ని మధ్యలో కాగితం మందాన బోలుగా చిత్రిక పట్టాలి, అప్పుడు పై అంచు ముందుగా తాకుతుంది. ఆ అంచుకి తోలు ముక్క అంటిస్తే చెక్క జారదు, ముద్ర పడదు.

అసలు కష్టమంతా మర దగ్గరే. మంచం కోళ్లు తరిమెన పట్టేవారితో 50 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ చేయించుకోవాలి. దాని చుట్టుకొలత 157 మిల్లీమీటర్లు. కాగితంతో 157 అడుగు, 12 ఎత్తు ఉన్న ముక్కోణం కత్తిరించి కడ్డీకి చుట్టి, ఏటవాలు అంచు వెంట గీత గీయాలి. ఒక చుట్టు ముగిసిన చోట రెండోది మొదలుపెడితే గీత కడ్డీ పొడవునా పాకుతుంది. ఆ గీత మీద రంపంతో 5 మిల్లీమీటర్ల లోతు కోసి, రెండు వైపులా ఉలితో వాలుగా చెక్కి, చదరపు ఆకురాయి మూలతో సాపు చేయాలి. ఒక రోజు పని. విసుగ్గానే ఉంటుంది.

లోపలి మర కోయడం ఇంకా చమత్కారం. 40 మిల్లీమీటర్ల మరో కడ్డీకి అదే 12 మిల్లీమీటర్ల నడకతో గీత గీసి, రంపంతో సన్నటి గాడి కోస్తారు. ఒక దిమ్మకి ఆ కడ్డీ పట్టేంత రంధ్రం చేసి, రేకు అంచు గాడిలోకి దిగేలా బిగిస్తారు. ఇప్పుడు కడ్డీని తిప్పితే చుట్టుకి సరిగ్గా 12 మిల్లీమీటర్లు ముందుకి నడుస్తుంది. కడ్డీ కొసన అడ్డంగా ఒక ఉక్కు పన్ను బిగించి, 40 మిల్లీమీటర్ల చిల్లు ఉన్న దిమ్మలోకి నడిపిస్తే లోపల మర తెగుతుంది. ప్రతిసారీ పన్ను వెనక కాగితం మడత చేర్చి వెంట్రుకవాసి బయటికి తోస్తూ పూర్తి లోతు వచ్చేదాకా మళ్లీ మళ్లీ తిప్పాలి. ఈ దిమ్మలో నార మరకి అడ్డంగా ఉండాలి. నిలువుగా ఉంటే పళ్లు పొరలు పొరలుగా ఊడొస్తాయి. బయటి మర లోపలి మరలో మిల్లీమీటరు వదులుగా ఆడాలి, వానాకాలానికి ముందే వేసే మందు ఇదే. మర మీద తేనెమైనం రుద్దాలి, వంటనూనె వద్దు, జిడ్డు పేరుకుని దుమ్ము పడుతుంది.

40 సెంటీమీటర్ల పిడికర్రను నడిమికి మరలో దూర్చి కొస పట్టి తిప్పితే, చేతి ప్రయాణం చుట్టుకి 125 సెంటీమీటర్లు దాటుతుంది, మర కదిలేది 1.2 సెంటీమీటర్లే. లెక్కకి బలం వంద రెట్లు. అందులో రాపిడి చాలా మింగుతుంది. ఎనిమిదో వంతే మిగిలిందనుకున్నా పది కిలోల తోపుకి వంద కిలోలు దాటుతుంది. ఆ రాపిడి వల్లే మర తనంతట తాను వెనక్కి తిరగదు.

ఇంత ఓపిక లేనివాళ్లకి పాత ఇనుము కొట్లో దొరికే సెంట్రింగ్ జాకీ మర ఉంది. దాని పళ్లు ముతక. సిమెంటు దుమ్ములోనే బతికిన మర కనుక గ్రీజు రాస్తే ఉప్పుగాలికీ కొంతకాలం ఓర్చుకుంటుంది. నట్టుని బల్లకాలి వెనక గాడిలో కూర్చోబెట్టి పట్టీతో బిగిస్తే సరి. సగం మంది చేసేది ఇదేనేమో, తప్పు లేదు.

ఏ మర పెట్టినా బల్ల బరువుగా ఉండాలి. తేలిక బల్ల చిత్రిక పట్టిన ప్రతిసారీ జరుగుతుంది. ఈ విషయంలో టెక్కలి చుట్టుపక్కల వాళ్లు అదృష్టవంతులు. గ్రానైటు పాలిష్ యూనిట్ల దగ్గర కోతలో మిగిలిన ముక్కలుంటాయి. అడుగు చదరం, 5 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క ఒకటి సుమారు 12 కిలోలు తూగుతుంది. ఆరు ముక్కలు కింది అరలో పేరిస్తే బల్లని నేలకి మేకులతో బిగించే అవసరమే రాదు.

మరలో ముందు అరిగేది లోపలి దిమ్మ. దాన్ని కావాలనే పనసతో చేసి, మరని తుమ్మతో చేస్తే అరుగుదల చవకైన భాగానికే పడుతుంది. లోపలి మర కోసే కడ్డీని పని అయ్యాక పొయ్యిలో పెట్టకూడదు. మరో దిమ్మ కోయడానికి అదే కడ్డీ కావాలి, పక్క వీధి మేస్త్రి వైసు కట్టుకుంటానంటే ఆయనకీ అదే కావాలి.