పట్టు వదలని బ్రేకు

జీపు ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు బ్రేకు లైనర్లు కాలిన వాసన రావడం వింత కాదు. ఎక్కుతున్నప్పుడు వస్తేనే అనుమానించాలి. శ్రీశైలం దారిలో హాజీపూర్ దాటి నల్లమలలోని మన్ననూర్ కొండ ఎక్కే బండికి బ్రేకుతో పెద్దగా పని ఉండదు. అయినా చక్రం పొగలు కక్కుతోందంటే, డ్రైవరు కాలు తీసినా బ్రేకు మాత్రం పట్టు వదలడం లేదన్నమాట.

ఈ దారిలో ఇలాంటి బండ్లకు కొదవ లేదు. అడవిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రాకపోకలు బంద్. గేటు పడేలోపు అందుకోవాలన్న తొందర ఈ దారిన పోయేవాళ్లకు ఎప్పుడూ ఉండేదే. ఇక చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఫరహాబాద్ నుంచి లోపలికి మట్టిబాట, వేసవి ఎండ, ముందూ వెనకా బండ్ల బారు. పాత మహీంద్రా జీపుకు ఇంతకంటే పెద్ద పరీక్ష ఉండదు. ఆగుతూ కదులుతూ పోయే ఆ బారులోనే లోపల దాగిన జబ్బు బయటపడుతుంది.

‘బ్రేకులు పట్టేస్తున్నయ్ అన్నా’ అని బండి తెస్తే, అనుభవమున్న మెకానిక్కు వెంటనే స్పానర్ పట్టడు. నాలుగు చక్రాల దగ్గరా అరచేతి వెనక వైపు పెట్టి, తగలకుండానే సెగ చూస్తాడు. నాలుగూ కాగుతున్నాయా, ఒకటేనా? హబ్ మధ్యలో వేడి ఎక్కువుంటే బేరింగ్ బిగుసుకుందేమోనన్న అనుమానం. డ్రమ్ము అంచు కాగుతుంటే బ్రేకు మీద. వెనక రెండే కాగుతుంటే, హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల మీద పనిచేసే బండైతే, దాని కేబుల్ తుప్పు పట్టి సగంలో ఆగిపోయిందా అని చూస్తాడు. బండి సగం రోగం ఇక్కడే తేలిపోతుంది, పైసా ఖర్చు లేకుండా.

నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టాయంటే దోషం చక్రాల్లో ఉండే అవకాశం తక్కువ. మాస్టర్ సిలిండర్ దగ్గర వెతకాలి. దాని గోడకు గుండుసూది మొన పట్టేంత చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు లైన్లలోని ఆయిల్ దాని గుండానే పై డబ్బాలోకి తిరిగి పోవాలి. వేడికి ఆయిల్ ఉబ్బినా అదే దారి. పెడల్ నుంచి పిస్టన్‌ను నెట్టే పుష్‌రాడ్డును కాస్త ఎక్కువ పొడవు పెట్టి బిగిస్తే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, రబ్బరు కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక అక్కణ్నుంచి చక్రభ్రమణమే: బ్రేకు షూలు డ్రమ్ముకు రాసుకుని వేడెక్కుతాయి, వేడికి ఆయిల్ ఉబ్బుతుంది, ఉబ్బిన ఆయిల్ షూలను ఇంకా నొక్కుతుంది. పొద్దున బాగానే కదిలిన బండి పది కిలోమీటర్లు పోగానే మొండికేయడం ఇందుకే. చల్లారితే మళ్లీ మామూలే, దాంతో యజమాని చెప్పేది అబద్ధమేమో అనిపిస్తుంది! పాత విల్లీస్ తరహా జీపుల్లో పెడల్‌కు దాదాపు అర అంగుళం వట్టి కదలిక ఉండాలనేది ఈ రంధ్రం కోసమే. ‘పెడల్ పైనే పట్టాలి’ అని పట్టుబట్టే డ్రైవర్లు చేజేతులా దాన్ని మూయించుకుంటున్నారు.

అసలు పనితనమంతా ఒక్క నట్టులో ఉంది. చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బ్రేకు పట్టి ఉన్నప్పుడే, మాస్టర్ సిలిండర్ నుంచి బయటికొచ్చే పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. ఆయిల్ చిమ్మి చక్రాలు వదిలేస్తే తప్పు పైన ఉంది: పుష్‌రాడ్డు, రంధ్రం, లేదా బూస్టర్. వదలకపోతే పట్టిన చక్రం దగ్గర గాలి తీసే నిప్పిల్ తెరుస్తారు. అక్కడ వదిలితే మధ్యలోని రబ్బరు హోస్ మీద అనుమానం. పాత హోస్ బయటికి బాగానే కనిపిస్తూ లోపల పొరలు లేచిపోతుంది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ దూరిపోతుంది కానీ, స్ప్రింగు బలానికి తిరిగి రాలేదు. నిప్పిల్ తెరిచినా చక్రం కదలకపోతే వీల్ సిలిండర్ తుప్పు పట్టి ఉండాలి, లేదా షూ స్ప్రింగు చచ్చి ఉండాలి. డ్రమ్ము ఊడదీసేది అప్పుడే.

ఆయిల్ సంగతి వేరే చెప్పాలి. దారిలో బ్రేక్ ఆయిల్ దొరక్క ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోస్తే రబ్బరు కప్పులన్నీ ఉబ్బి, ఆ చిన్న రంధ్రాన్ని శాశ్వతంగా మూసేస్తాయి. పరీక్ష సులువు: డబ్బాలోది కొన్ని చుక్కలు గ్లాసెడు నీళ్లలో వేస్తే బ్రేక్ ఆయిల్ కలిసిపోతుంది, మరో నూనె పైకి తేలుతుంది. తేలిందా, లైన్లు కడిగి రబ్బరన్నదంతా మార్చాల్సిందే, బేరాల్లేవు. మామూలు బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చే గుణం ఉంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరిన ఆయిల్‌కు ఆ హద్దు 140 డిగ్రీలే. దోమలపెంట నుంచి కృష్ణ వైపు దిగేటప్పుడు అది మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది. బ్రేకు వదలకపోవడంతో మొదలైన కథ బ్రేకే లేకపోవడంతో ముగుస్తుంది.

వేడి మీద చేయకూడని పనులు రెండున్నాయి. ఒకటి, కాగిన డ్రమ్ము మీద నీళ్లు గుమ్మరించడం; పోత ఇనుము పగులుతుంది. రెండోది అంతగా ఎవరికీ తట్టదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి పెడల్ కిందికి పోతే, డ్రైవరు అక్కడికక్కడే అడ్జస్టరు తిప్పించుకుంటాడు. రాత్రికి డ్రమ్ము చల్లారి కుంచించుకుపోతుంది, పొద్దున చక్రం కదలదు.

ఇప్పుడు చాలాచోట్ల మాస్టర్ సిలిండర్, లైనర్లు, హోసులు అన్నీ ఒకేసారి మార్చి బిల్లు చేతిలో పెడుతున్నారు. సామాన్లు కొత్తవైనంత మాత్రాన బ్రేకు వదలదు. పుష్‌రాడ్డు పాత కొలతలోనే ఉంటే కొత్త సిలిండరూ పట్టేస్తుంది. కాబట్టి బండి తీసుకునే ముందు యజమాని అడగాల్సింది ‘ఏం మార్చినవ్’ అని కాదు, ‘నట్టు వదులు చేస్తే ఏమైంది’ అని. ఆ తర్వాత మన్ననూర్ నుంచి హాజీపూర్ దాకా రెండో గేరులో దిగి, మళ్లీ బ్రేకు ముట్టకుండా ఎక్కి, నాలుగు చక్రాల సెగా చూసుకోవాలి. నాలుగూ కాగకుండా ఒక్కతీరుగా ఉంటే డబ్బులివ్వొచ్చు.