క్రమసంఖ్యా, ‘నేనూ’

రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఒకటి మన రెవెన్యూ ఆఫీసుల్లో తయారయ్యే సీనియారిటీ లిస్టు. రెండోది బ్రిటిష్ సివిల్ సర్వీసులో పై గ్రేడు కోరుకున్న ఉద్యోగి నింపే దరఖాస్తు. రెండూ ప్రమోషన్ కోసం పుట్టినవే. మొదటిదాంట్లో వెతికినా క్రియాపదం దొరకదు. రెండోది క్రియాపదాల మీదే బతుకుతుంది.

మన లిస్టు ఉత్త గళ్ల పట్టిక. క్రమసంఖ్య, పేరు, పుట్టినతేదీ, చేరిన తేదీ, ప్రొబేషన్ ముగిసిన తేదీ, పాసైన డిపార్ట్‌మెంటల్ టెస్టులు, చివర్న రిమార్కులు. మనిషి ఎప్పుడు వచ్చాడో చెబుతుంది గానీ వచ్చి ఏం చేశాడో చెప్పదు. అయినా ఆఫీసులో ఇంత శ్రద్ధగా చదివే రచన మరొకటి లేదు. ప్రొవిజనల్ లిస్టు రాగానే తన పైన ఎంతమంది, వాళ్లలో ఎవరు ఏ నెలలో రిటైరవుతారు, ఎవరి మీద ఛార్జ్‌మెమో ఉంది అని వేళ్ల మీద లెక్కలు మొదలవుతాయి. తర్వాత అభ్యంతరాలు, ఫైనల్ లిస్టు, ఆపైన కోర్టు. నేరుగా చేరినవాళ్లకూ ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకూ మధ్య తగువును తేల్చడానికి 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సూత్రాల పట్టీయే ఇచ్చింది. తగువు మాత్రం చల్లారలేదు.

1996 నాటి ఆంధ్రప్రదేశ్ స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ నిజానికి రెండు దారులు చూపిస్తాయి. కొన్ని పోస్టులకు ప్రతిభా సామర్థ్యాలు ముందు, అవి సమానమైతేనే సీనియారిటీ. తక్కినవాటికి ‘సీనియారిటీ-కమ్-ఫిట్‌నెస్’. ఆచరణలో మొదటి దారి కూడా నడిచి నడిచి రెండోదాంట్లోనే కలుస్తుంది. ఫిట్‌నెస్ అంటే టెస్టులు పాసవడం, మెమో లేకపోవడం. అంటే ఏమీ జరగకపోవడమే యోగ్యత.

ఇక రెండో కాగితం. లండన్‌లో ఏదో మంత్రిత్వశాఖలో గ్రేడ్ 7 ఖాళీ అయితే వరసలో తర్వాతివాడు ఎవరని అడగరు. ఖాళీని ప్రకటిస్తారు. పక్క సీట్లో ఇరవై ఏళ్లుగా కూర్చున్నవాడైనా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ‘సక్సెస్ ప్రొఫైల్స్’ అనే పద్ధతి ప్రకారం, నిర్ణయం తీసుకోవడం, నలుగురితో కలిసి పనిచేయడం వంటి ఒక్కో లక్షణానికి ఒక్కో ఉదాహరణ రాయాలి. సాధారణంగా 250 మాటలు దాటకూడదు. ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు. సందర్భం, బాధ్యత, చేసిన పని, ఫలితం అని కథనానికి నాలుగు మెట్లు. అక్కడ కొత్తవాళ్లకు పాతవాళ్లిచ్చే మొదటి సలహా: ‘మేము’ అనకు, ‘నేను’ అను. శతకానికి మకుటం ఉన్నట్టు ఈ ప్రక్రియకు ‘నేను’ మకుటం. నలుగురితో కలిసి పనిచేశానని చెప్పడానికి కూడా ఆ నలుగుర్నీ పక్కకు జరపాలన్నమాట!

చిత్రమేమిటంటే ఈ రెండు కాగితాలకూ చుట్టరికముంది. సీనియారిటీ మీద నడిచే ఆఫీసును ఎండగట్టి, పై మెట్టుకు ప్రతిభే కొలమానం కావాలన్న 1854 నాటి నివేదిక రాసిన ఇద్దరిలో ఒకడు చార్లెస్ ట్రెవెలియన్. అతను అంతకుముందు పన్నెండేళ్లు ఇండియాలో కంపెనీ కొలువు చేశాడు. 1859లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాడు. అప్పుడు కోస్తా, రాయలసీమ ఆ ప్రెసిడెన్సీలోవే. మరుసటి ఏడే వెనక్కి పిలిపించుకున్నారు. అతని సిద్ధాంతం మన తాలూకా కచేరీ గడప దాటి లోపలికి రాలేదు.

రాకపోవడానికి మన బద్ధకమే కారణమంటే ఒప్పుకోను. మన దగ్గర ఈ రెండూ కాని మూడో కాగితం ఒకటుంది: కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. పై అధికారి రాసేవాడు, కిందివాడికి చూపించేవారు కాదు. బాగా చెడ్డమాట రాస్తే తెలిపేవారు. ‘గుడ్’ అని రాస్తే చెప్పాల్సిన పనే లేదనుకునేవారు. బోర్డర్ రోడ్స్‌లో దేవ్‌దత్ అనే ఇంజనీరుకు ఒక సంవత్సరం ‘గుడ్’ పడింది. ప్రమోషన్‌కు కావాల్సింది ‘వెరీ గుడ్’. ఆ మంచిమాటే ఆయన దారికి అడ్డుపడింది. ఏ మాట రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటేడు కేంద్రం ఆ రిపోర్టు పేరు మార్చి, మొత్తం ఉద్యోగికి చూపించాలని ఆదేశించింది. అన్నేళ్లు చీకట్లో నడిచిన కలాన్ని చూసినవాళ్లు చేరిన తేదీని గట్టిగా పట్టుకున్నారంటే తప్పేముంది? తేదీకి కులం తెలియదు, కోపం రాదు. సీనియారిటీ లిస్టును అధికారి మీద అపనమ్మకంతో రాసుకున్న ఒప్పందంగా చదివితేనే అది అర్థమవుతుంది.

అలాగని దానికి కాలదోషం లేదనను. పైవాడు దిగితేనే కిందివాడు ఎక్కే వరస కాబట్టి, పదవీ విరమణ వయసు మీద సంతకం పడగానే వరసంతా బిగుసుకుపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఆ లెక్కలు వేసుకున్న వేళ్లన్నీ మళ్లీ మొదటికొచ్చాయి. ఊరట కోసం ఆరు, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగేళ్లకు ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ (ఏఏఎస్) స్కేళ్లున్నాయి. కుర్చీ కదలకుండా జీతం కదులుతుంది. బ్రిటన్‌లో దీనికి తలకిందులు. ఒకే గ్రేడులో ఏటేటా ఇచ్చే ఇంక్రిమెంట్లు చాలామేరకు ఆగిపోయాయి. జీతం పెరగాలంటే కుర్చీ మారాలి. పని చేతికొచ్చేసరికి మనిషి ఇంకో శాఖలో ఉంటాడు. మన సీనియర్ అసిస్టెంటుకు నలభై ఏళ్ల కిందటి పట్టా ఏ బీరువాలో ఉందో తెలుసు. అది చెప్పినందుకు ఆయనకు ఎవరూ మార్కులు వేయరు.

జూనియర్ అసిస్టెంటు నుంచి డిప్యూటీ తహసీల్దారు దాకా నా ఓటు లిస్టుకే. ఆ పైన ఊళ్ల మంచిచెడ్డలు నిర్ణయించే కుర్చీలకు మాత్రం ఉత్త తేదీ చాలదు. కానీ ఆ 250 మాటల కాగితం తెచ్చి ఇక్కడ పంచితే ఏమవుతుందో ఊహించండి. ముప్పై ఏళ్లు నోట్‌ఫైళ్లు రాసిన చెయ్యి మన డిప్యూటీ తహసీల్దారుది. తుపాను రాత్రి మోకాలిలోతు నీళ్లలో నడిచి రెండు వాడల జనాన్ని బడికి చేర్చింది ఆయనే. ఆ సంగతి రాయమంటే కళ్లజోడు సర్దుకుని ఇలా మొదలుపెడతాడు: ‘సహాయక చర్యలు చేపట్టడమైనది. బాధితులను సురక్షిత ప్రాంతములకు తరలించడమైనది.’