ఒక భవనం, పలు కాలాలు: హైదరాబాదు రెసిడెన్సీ

ఢిల్లీలో ధౌలా కువాన్ కూడలి తెలుగువారికి కొత్తది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉన్నది ఆ ప్రాంతంలోనే. ధౌలా కువాన్ అంటే తెల్లని బావి. ఆ బావిని చూసినవారు కొద్దిమంది. పేరు మాత్రం అందరి నోటా ఉంది. స్థలాలు తమ పూర్వరూపాన్ని ఇలా పేరులో దాచుకొని కొత్త పనులకు అలవాటుపడతాయి. భవనాలూ అంతే. అయితే పాతబడిన ఒక కట్టడాన్ని పునరుద్ధరించదలచినప్పుడు, అది దాల్చిన పలు రూపాలలో దేనిని అసలు రూపంగా ఎంచాలన్న ప్రశ్న తప్పదు.

ధౌలా కువాన్‌కు దక్షిణాన, మెహ్రౌలీలో, ఈ ప్రశ్నకు విచిత్రమైన ఉదాహరణ ఒకటి ఉంది. మొగలుల కాలపు ముహమ్మద్ కులీ ఖాన్ సమాధిని 1840ల్లో కంపెనీ ప్రతినిధి థామస్ మెట్కాఫ్ తన విడిదిగా మార్చుకొని 'దిల్‌కుషా' అని పేరు పెట్టుకున్నాడు. సమాధి గుమ్మటం కింద భోజనశాల వెలిసింది. ఇంగ్లండు గ్రామసీమల్లో ప్రభువుల భవనాలు తరతరానికీ కొత్త గదులను, కొత్త ముఖభాగాలను చేర్చుకుంటూ పెరిగాయి. ఆ అలవాటు మన దేశానికి వచ్చి గోరీని కూడా విడిచిపెట్టలేదు. ఇందుకు ఎదురుగా నిలిచే ఉదాహరణ తెలుగునేల మీద ఉంది. హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీలో పాలకుని ఇల్లు ఆడపిల్లల కళాశాల అయింది.

1798 నుండి 1805 వరకు నిజాం కొలువులో రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనాన్ని తలపెట్టాడు. రూపకర్త మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. పని 1803 ప్రాంతంలో మొదలైంది. ఖర్చు నిజాముది. మొదట పెద్ద కాగితం మీద గీసిన పటాన్ని చూసి నిజాం నిరాకరించాడనీ, అదే పటాన్ని చిన్న కాగితం మీద గీయించి చూపగా సంతోషంగా అంగీకరించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. తన రాజ్యమంత విశాలంగా కనిపించిన స్థలాన్ని ఏ ప్రభువు ధారపోస్తాడు!

ఉత్తర ముఖాన ఆరు కోరింథియన్ స్తంభాల మండపం, దానిపై త్రికోణాకారపు శిరోభాగం, కింద విశాలమైన మెట్లు, ఇరువైపులా సింహాలు. దీనిని వాషింగ్టన్‌లోని శ్వేతసౌధంతో పోల్చడం పరిపాటి. ఆ పోలికలో సారం తక్కువ. రెండూ ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో సంప్రదాయానికి దూరపు వారసులు. అంతకు మించిన చుట్టరికం వెదకనక్కరలేదు. కలకత్తాలో 1803లో పూర్తయిన గవర్నమెంట్ హౌస్‌తో పోలిక మరింత ఉచితం. దానికి నమూనా డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ భవనం. అంటే ఇంగ్లండు పల్లెటూరి ప్రభువుల ఇల్లు కలకత్తాలో అధికారపీఠమై, ఆ అధికారపు ఛాయ మూసీ ఒడ్డున పడిందన్నమాట.

శిల్పదృష్టితో చూస్తే ఈ మండపం గంభీరమైనదే కాని, కొంత అతిశయోక్తి ఉంది. నిజాం కోట నగరం మూసీకి ఆవలి ఒడ్డున, దక్షిణాన ఉండగా, నిజాం సొమ్ముతో లేచిన మండపం ఉత్తరానికి తిరిగి ఆ నగరానికి వీపు చూపుతుంది. లోపలికి వెళితే మాత్రం మనసు మెత్తబడుతుంది. రెండంతస్తుల ఎత్తైన దర్బారు మందిరం కంటే, రెండుగా చీలి వంపు తిరుగుతూ పైకి సాగే మెట్ల వరుసలోనే రస్సెల్ ప్రతిభ నాకు ఎక్కువగా గోచరిస్తుంది.

1805 అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించాడు. భవనం అప్పటికి పూర్తి కాలేదు. ఆయన పేరుతో మనం చెప్పుకునే ఇంట్లో ఆయన కాపురం చేసింది లేదన్నమాట! ఆయన పెళ్లాడిన ఖైరున్నీసా బేగం ఆవరణలోని ప్రత్యేక అంతఃపురంలో ఉండేది. ఘోషా కారణంగా ప్రధాన భవనాన్ని చూడలేని ఆమె కోసం దాని చిన్న నమూనాను తోటలో కట్టించాడని కథనం. అంతఃపురాన్ని తరువాతి రెసిడెంట్ల కాలంలో పడగొట్టారు. నమూనా మిగిలింది.

1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రెసిడెన్సీపై దాడి జరిగింది. ఆ తరువాత ఆవరణకు రక్షణ కట్టుదిట్టమైంది. ఇల్లు కొంతమేరకు కోట స్వభావం తెచ్చుకుంది. 1947లో బ్రిటిష్‌వారు వెళ్లిపోయారు. 1924లో ప్రారంభమైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి తరలివచ్చింది. అక్కడి నుండి ఈ గదుల్లో పాఠాలు నడిచాయి. వానలకు, వయస్సుకు, నిధుల లేమికి కట్టడం శిథిలమవుతుండగా 2002లో ప్రపంచ స్మారకాల నిధి తన పరిశీలనా జాబితాలో దీనిని చేర్చింది. దరిమిలా సుదీర్ఘకాలం సాగిన మరమ్మతులలో ప్రధాన భవనం కోలుకుంది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయ స్థాయిని అందుకుంది.

పునరుద్ధరణ పనితనాన్ని మెచ్చుకోవలసిందే. నా పేచీ దాని చుట్టూ అల్లుకున్న కథనంతో. ఈ భవనాన్ని పరిచయం చేసే రాతల్లో ప్రేమగాథకు పెద్దపీట, 1857కు ఒక పేరా, 1949 తరువాతి కాలానికి ఒక్క వాక్యం. విద్యార్థినుల కాలం భవనానికి పట్టిన దుమ్ము అన్నట్లు, తుడిస్తే అసలు రూపం బయటపడుతుందన్నట్లు ఆ ధోరణి ఉంటుంది. కిర్క్‌పాట్రిక్ ఒక్క రోజైనా అనుభవించని దర్బారు వైభవం చరిత్ర అయి, ఏడు దశాబ్దాలకు పైగా సాగిన చదువు చరిత్ర కాకపోవడం న్యాయమా? ఈ ఇంటిని ఒక బేగం నమూనాలో మాత్రమే చూసింది. ఆ ఇంటి ముఖ్యద్వారం మెట్లపై 1949 నుండి తెలంగాణ పల్లెల ఆడపిల్లలు పుస్తకాలతో ఎక్కి దిగారు. కట్టడంలో జరిగిన మార్పులన్నింటిలోనూ ఇదే పెద్దది. దీనికి కొత్త గోడ ఒక్కటీ అవసరం కాలేదు.

కనుక కనీసం ఒక గదిని తరగతి గదిగానే, నల్లబల్లతో, బెంచీలతో ఉంచితే బాగుంటుంది. ఏ గదిలో ఏ పాఠం చెప్పేవారో పూర్వ విద్యార్థినులు, అధ్యాపకురాళ్లు ఇంకా చెప్పగలరు. 1950లలో చదివినవారు తొంభైలకు చేరువవుతున్నారు. పురావస్తు, విద్యాశాఖలు కలిసి వారి జ్ఞాపకాలను గదుల వారీగా నమోదు చేయించే పని ఈ సంవత్సరమే మొదలుకావాలి.