నావికబిరుద విమర్శనము

పోర్చుగల్ రాజగు మొదటి జోవాను కుమారుఁడు హేన్రీ (1394–1460) “నావికుఁడు” అను బిరుదముతో లోకమునఁ బ్రసిద్ధుఁడు. సమకాలికు లాతని నిట్లు పిలిచినవారు గారు. పందొమ్మిదవ శతాబ్దమున జర్మను చరిత్రకారులు వాడిన యీ మాటను ఆంగ్లచరిత్రకారులు వ్యాపింపఁజేసిరి. హేన్రీ 1415లో స్యూటాపైని, 1437లో టాంజీరుపైని దండెత్తుటకై జలసంధిని దాఁటెనేగాని, తన యోడలు గనుఁగొన్న యాఫ్రికా పశ్చిమతీరమును గన్నులారఁ జూచినవాఁడు గాఁడు. 1434లో బొజదోరు అగ్రమును దాఁటినవాఁడు జిల్ యానిష్; దాఁటించినవాఁడు హేన్రీ.

ఇంతమాత్రమున బిరుదము దుష్టమనుట తొందరపాటు. చేయువాఁడు కర్త యైనట్లే చేయించువాఁడును గర్తయే. వానినే శాబ్దికులు ప్రయోజకకర్త యందురు. కాని యీ కర్తృత్వమును గీర్తివచ్చుచోట నంగీకరించి, యపకీర్తివచ్చుచోటఁ ద్రోసిపుచ్చుట శాస్త్రమునకును న్యాయమునకును విరుద్ధము. 1443 నాఁటి రాజశాసనముచే బొజదోరునకు దక్షిణముగా హేన్రీ యనుమతి లేక యే యోడయుఁ బోరాదు. తెచ్చినదానిలో నైదవవంతు ఆతనిది.

ఆస్థానచరిత్రకారుఁడగు జురారా 1453లో ముగించిన గినీచరిత్రమున నీ తారతమ్యము స్పష్టముగాఁ గానవచ్చును. (చిరకాలము మఱుఁగుపడియున్న యీ గ్రంథము పారిసు రాజగ్రంథాలయమున 1837లో దొరకి 1841లో ముద్రిత మయ్యెను.) ఏడవ ప్రకరణమున నాతఁడు యాత్రలకుఁ గారణములను వరుసగాఁ జెప్పెను: క్రొత్తనేలల నెఱుంగుట, వర్తకము, శత్రుబలపరీక్ష, క్రైస్తవరాజుల సాయము నన్వేషించుట, మతవ్యాప్తి. ఇవి చాలవన్నట్లు గ్రహబలమునుగూడఁ జేర్చెను! చెఱపట్టుట యీ జాబితాలో లేదు.

కాని 1444 ఆగస్టులో లాన్సరోటె యోడలు లాగోసునకుఁ దెచ్చినవారు 235 మంది బందీలు. బిడ్డలను దల్లులనుండి వేఱుచేయు నా ఘట్టమును జురారా కన్నీటితో వ్రాసెను. గ్రంథమంతటను దీనికి సాటివచ్చు రచన లేదు. స్తుతికై పూనిన కలము సత్యమునకు లొంగిన చోటిది. అయినను వెంటనే యాతఁడు మేల్కొనెను. పంచువారు వేఱు, హేన్రీ గుఱ్ఱముపైనుండి చూచుచుండెను. తన వంతునకు వచ్చిన 46 మందిని వెంటనే యితరులకుఁ బంచియిచ్చెనని యాతని నిర్లోభత్వమును బ్రశంసించెను. మనుష్యులను దానముచేయుటచే దాతృత్వము సిద్ధించునా? ప్రయోజకకర్తను బ్రేక్షకునిగా మార్చుటయే యిచ్చటి నేర్పు. నావికబిరుదము నిచ్చినవారును బెక్కురు తరువాతికాలమున నీ త్రోవనే త్రొక్కిరి.

గ్రంథాంతమున జురారాయే యట్లు తేఁబడినవారు 927 మంది యని లెక్కగట్టి, వారిలో నధికసంఖ్యాకులు మోక్షమార్గమునఁ బడిరని సంతసించెను.