కాలినడక చందా

"బడికి పుస్తకాలు కావాలంటే ఊరికే ఇస్తాం కదరా, దానికి నువ్వు పొద్దున్నే రోడ్లెంబడి తిరగడమెందుకు?" అన్నాడు మా బాబాయి. కిలోమీటరుకు తోచినంత రాయించుకుని ఊరి బడి లైబ్రరీ కోసం నడుస్తానని చెప్పినప్పటి మాట ఇది.

నిజమే, నా నడకకూ పుస్తకాలకూ ఏ సంబంధమూ లేదు. కానీ చందా అడగాలంటే మనలో చాలామందికి నోరు పెగలదు. ఇచ్చేవాళ్లకూ "మళ్లీ వచ్చాడు" అన్న విసుగు. నడక పెట్టుకుంటే ఆ మొహమాటం సగం తీరుతుంది. పాల ప్యాకెట్ కోసం వచ్చినవాళ్లు "ఇవాళ్టికి ఎంతయింది?" అని వాళ్లే అడుగుతారు. ఇక వేరే అడగక్కర్లేదు. నా నోటుబుక్కులో 'కి.మీ.కి 2' అని రాయించిన చెప్పులు కుట్టే ఆయన, మడమ దగ్గర అరిగిన నా బూటు చూసి లాక్కుని, కొత్త సోలు అతికించి పంపాడు. డబ్బులిస్తే, అదీ చందాలోనే వేసుకోమన్నాడు.

ఇలాంటి నడకల్లో నాకెప్పుడూ గుర్తొచ్చేది ఇంగ్లండ్‌కు చెందిన కెప్టెన్ టామ్ మూర్. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశంలోనూ బర్మాలోనూ పనిచేసిన మనిషి. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, నూరో పుట్టినరోజులోగా తన తోటలో పాతిక మీటర్ల దారిని వంద సార్లు నడుస్తానన్నాడు, వాకర్ పట్టుకుని. ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది కోసం వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకుంటే, 3 కోట్ల 20 లక్షలు దాటాయి. నడిచిందంతా కలిపితే రెండున్నర కిలోమీటర్లు! మన పార్కుల్లో రోజూ అంతకు రెట్టింపు నడిచి, ఇడ్లీ తిని ఇంటికెళ్లేవాళ్లు ఎందరో. జనం చూసింది దూరాన్ని కాదు, ఆ వయసులో ఆ పట్టుదలను.

ఆ డబ్బు ఆసుపత్రుల సహాయ సంస్థకే చేరింది. తర్వాత ఆయన పేరుమీద పెట్టిన ఫౌండేషన్ కథ వేరు. దాని నిర్వహణలో కుటుంబ సభ్యులు తప్పు చేశారని అక్కడి చారిటీ కమిషన్ 2024 నవంబరులో తేల్చింది. పాపం, అప్పటికి పెద్దాయన పోయి మూడేళ్లు దాటింది.

అందుకే నడవాలనుకునేవాళ్లకు ఒకటే చెబుతాను. డబ్బు మీ జేబులోకీ మీ ఖాతాలోకీ రానివ్వకండి. ఇచ్చేవాళ్ల చేత నేరుగా బడికో ఆసుపత్రికో వేయించండి, రసీదు అక్కడివాళ్లనే ఇవ్వమనండి. మీరు నడిస్తే చాలు.